హార్వర్డ్ సీటు: ప్రతిభ, జాతి, చెప్పని లాటరీ

తెలుగు రాష్ట్రాల్లో కోరుకున్న ఇంజనీరింగ్ కాలేజీలో సీటు రాని విద్యార్థికి ఒక విషయం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది: ఎన్ని ర్యాంకుల తేడాతో పోయిందో. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో జాబితా బయటికి వస్తుంది. ఆ జాబితా మీద కోపం రావచ్చు, రిజర్వేషన్ల మీద వాదన జరగవచ్చు, ప్రశ్నపత్రమే తప్పుల తడక అనవచ్చు. లెక్క మాత్రం కళ్లెదుట ఉంటుంది. హార్వర్డ్ వద్దన్న విద్యార్థికి ఆ లెక్క ఎన్నటికీ తెలియదు. మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం, అమెరికా తూర్పు తీరంలో ఏడు గంటలు కాగానే ఫలితం తెరమీదికి వస్తుంది. మర్యాదగా రాసిన నాలుగు వాక్యాలు ఉంటాయి. ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు మాత్రం వాటిలో ఉండదు.

జవాబు దొరకని చోట మనసు ఊరుకోదు, ఏదో ఒక కారణాన్ని పట్టుకుంటుంది. న్యూజెర్సీలోనో డాలస్ శివార్లలోనో ఉన్న తెలుగు ఇంట్లో ఆ రాత్రి వినిపించే కారణం చాలాసార్లు ఒకటే: మనవాళ్లకు అక్కడ ఎక్కువ మార్కులు కావాలి, తక్కువ మార్కులు వచ్చినవాళ్లకు జాతి పేరుతో ఇచ్చేశారు. ఈ మాటలో నిజం ఉంది. కానీ అందులో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయాయి. వాటిని విడదీయకపోవడం వల్లనే ఈ చర్చ ముప్పై నలభై ఏళ్లుగా ఒకే చోట తిరుగుతోంది.

ముందు అంకెలు చూడాలి. హార్వర్డ్ మీద నడిచిన కేసులో 2019లో పట్టా పుచ్చుకోవాల్సిన బ్యాచి లెక్కలు కోర్టు ముందుకు వచ్చాయి. ఆ ఏడాది అమెరికాలోనే చదివినవారి దరఖాస్తులు దాదాపు 26 వేలు. వాళ్లలో సుమారు 2,700 మందికి శాట్ (అమెరికా కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) ఇంగ్లిష్ విభాగంలో పూర్తి మార్కులు. సుమారు 3,400 మందికి గణితంలో పూర్తి మార్కులు. స్కూలు గ్రేడ్లలో ఎక్కడా మచ్చలేనివారు 8 వేలకు పైగా. హార్వర్డ్ ప్రవేశం ఇచ్చేది సుమారు రెండు వేల మందికి, చేరేది 1,600 మంది. అంటే మార్కులు తప్ప మరేదీ చూడకుండా కళ్లు మూసుకుని ఎంపిక చేసినా, గణితంలో నూటికి నూరు వచ్చిన వాళ్లందరికీ చోటు చాలదు.

ఈ చిక్కు మనకు కొత్త కాదు. 2024 నీట్ తొలి ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. ఆ గొడవ, కోర్టు విచారణ, సవరణలు వేరే కథ. కానీ అందరూ మొదటి ర్యాంకువాళ్లే అయినప్పుడు ఎవరిని ముందు నిలబెట్టాలన్న ప్రశ్న ఆ రోజున దేశమంతా ఎదుర్కొంది. ఒక దశ దాటాక మార్కులు మనుషులను వేరు చేయడం మానేస్తాయి. హార్వర్డ్‌లో ఆ దశ ఎప్పుడో దాటిపోయింది.

మరి అక్కడ ఎలా ఎంచుతారు? దేశాన్ని ఇరవై వరకు ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతానికి కొందరు అధికారులను పెడతారు. మొదట చదివే వ్యక్తి ఒక్కో దరఖాస్తుకు చదువు, ఇతర వ్యాపకాలు, ఆటలు, టీచర్ల సిఫారసులు, వ్యక్తిత్వం అనే పద్దుల కింద 1 నుంచి 6 వరకు అంకెలు వేస్తారు. ఒకటి అన్నింటికంటే మెరుగు. అన్నీ కలిపి మరో అంకె ఉంటుంది. తర్వాత ఉపసంఘం, ఆ పైన నలభై మంది కూర్చునే పూర్తి సంఘం. వాళ్లు ఓట్లు వేసి తాత్కాలిక జాబితా తయారు చేస్తారు. అది సీట్ల కంటే కాస్త ఎక్కువగా తేలుతుంది. అప్పుడు చివరి అంకం మొదలవుతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘లాప్’. చెట్టు కొమ్మలు నరకడానికి వాడే మాట అది. నరకడానికి ఎదురుగా ఉంచుకునే కాగితం మీద ఒక్కో పేరు పక్కన నాలుగు వివరాలే ఉండేవని అమెరికా సుప్రీంకోర్టు తన 2023 తీర్పులో రాసింది: తల్లిదండ్రులు హార్వర్డ్‌లో చదివారా, క్రీడాకారుడిగా ఎంపిక చేసుకున్నారా, ఆర్థిక సాయం అర్హత ఉందా, ఏ జాతి.

ఈ చివరి అంకాన్ని కాసేపు ఊహించుకోవాలి. కాగితం మీద ఉన్న ప్రతి పేరూ అప్పటికే ‘తీసుకోవచ్చు’ అనిపించుకున్నదే. వాళ్లలో ఒకరు మిగిలి, పక్కనున్నవారు కోతలో పోవడానికి ప్రతిభ కారణమని ఎవరూ నిజాయితీగా చెప్పలేరు. ఆ ఏడాది ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాళ్లు తగ్గి ఉండవచ్చు. ఫైలు చదివిన అధికారికి ఆ వ్యాసంలోని ఒక్క పేరా గుండెకు తగిలి ఉండవచ్చు. అదే స్కూలు నుంచి మరొకరు అప్పటికే ఎంపికై ఉండవచ్చు. వీటిలో ఏదీ ఆ పిల్లవాడి చేతిలో లేదు. తెలుగులో దీన్ని అదృష్టం అంటాం. విశ్వవిద్యాలయం మాత్రం దీన్ని సమగ్ర పరిశీలన అంటుంది.

ఈ సమగ్ర పరిశీలన ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆసియా కుటుంబాల అనుమానం ఎందుకంత లోతైనదో అర్థమవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్వర్డ్ ప్రధానంగా పరీక్ష పెట్టి తీసుకునేది. వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షలో దూసుకువచ్చారు. 1922 నాటికి కొత్త విద్యార్థుల్లో వాళ్లు ఐదింట ఒక వంతుకు చేరారు. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు అది కంటగింపైంది. 15 శాతం పరిమితి పెడదామన్నాడు. అధ్యాపకులు బాహాటమైన కోటాకు ఒప్పుకోలేదు. దాంతో దారి మారింది. 1926 నుంచి ‘శీలం, యోగ్యత’ కూడా చూస్తామన్నారు, దరఖాస్తుతో పాటు ఫొటో అడిగారు. కోటా అన్న మాట ఎక్కడా లేదు, యూదుల సంఖ్య మాత్రం తగ్గిపోయింది. మార్కులకు అతీతంగా మనిషిని చూడాలన్న మంచి మాట, ఫలానా మనుషులు వద్దనుకున్నవాళ్ల చేతిలో పుట్టిందని మరిచిపోకూడదు.

దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 2014 నవంబరులో, ఎడ్వర్డ్ బ్లమ్ నెలకొల్పిన స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ అనే సంస్థ, ఆసియన్ అమెరికన్ దరఖాస్తుదారుల మీద వివక్ష చూపుతోందంటూ బోస్టన్ ఫెడరల్ కోర్టులో హార్వర్డ్ మీద దావా వేసింది. 2018 అక్టోబరులో విచారణ జరిగింది. అక్కడ అందరినీ కుదిపిన విషయం వ్యక్తిత్వం పద్దు కింద వేసే ఆ అంకె. చదువులోనూ, ఇతర వ్యాపకాల్లోనూ ఆసియన్ అమెరికన్ పిల్లలు శ్వేతజాతి పిల్లల కంటే ముందున్నారు. వ్యక్తిత్వం దగ్గరికి వచ్చేసరికి సగటున వెనకబడ్డారు. పిల్లలను ముఖాముఖి కలిసి మాట్లాడే పూర్వ విద్యార్థులు వాళ్లకు దాదాపు సమానంగానే మార్కులు వేశారు. కార్యాలయంలో కూర్చుని కాగితం చదివినవాళ్ల దగ్గరే అంకె కిందికి దిగింది. హైస్కూలు నాలుగేళ్లూ నిద్ర కాచుకుని చదివిన అమ్మాయికి, చివరికి ఆమె ముఖం కూడా చూడని ఒక వ్యక్తి మనస్తత్వం గురించి తక్కువ మార్కు వేయడం చిన్న అవమానం కాదు. జడ్జి ఆలిసన్ బరోస్ 2019 తీర్పులో ఉద్దేశపూర్వక వివక్ష రుజువు కాలేదన్నారు, హార్వర్డ్‌కు అనుకూలంగా చెప్పారు. అయినా ఆ తేడాకు పూర్తి సంతృప్తికరమైన వివరణ దొరకలేదని ఆమె కూడా ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ రెండు ఫిర్యాదులను విడదీయవచ్చు: ఒకటి నల్లజాతివారితో పోల్చుకుని చేసేది, రెండోది శ్వేతజాతివారితో పోల్చుకుని చేసేది. కోర్టుకు సమర్పించిన లెక్కల్లో, చదువు ప్రకారం దరఖాస్తుదారులను పది భాగాలు చేస్తే అన్నింటికంటే పై భాగంలో ఉన్న ఆసియన్ అమెరికన్లలో సుమారు 13 శాతం మందికి సీటు వచ్చింది. శ్వేతజాతివారిలో 15 శాతం, హిస్పానిక్‌లలో (లాటిన్ అమెరికా మూలాలవారిలో) 31, నల్లజాతివారిలో 56. ఈ నాలుగు అంకెలు చూడగానే కన్ను 13కూ 56కూ మధ్య ఉన్న అగాధం మీద పడుతుంది. ఆ పై భాగంలో నల్లజాతి దరఖాస్తుదారులు చాలా కొద్దిమంది అన్న సంగతి అంకెలో కనిపించదు. అసలు అడగాల్సిన ప్రశ్న 13కూ 15కూ మధ్య ఉంది. ఆ తేడా చిన్నది. కానీ దానికి నల్లజాతి విద్యార్థులతో ఏ సంబంధమూ లేదు. చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడమనో, వైవిధ్యమనో చెప్పి సమర్థించుకోవడానికి వీలు లేని తేడా అది. ఆసియా పిల్లలకు నిజంగా అన్యాయం జరిగిందంటే, అది మొదట శ్వేతజాతి పిల్లలతో పోల్చినప్పుడు జరిగింది.

ఆ వైపు చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ఎంపిక చేసుకున్న క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్లు (ఇందులో దాతల పిల్లలు కనిపిస్తారు), సిబ్బంది పిల్లలు — ఈ నాలుగు వర్గాలూ కలిపి దరఖాస్తుల్లో 5 శాతం కంటే తక్కువ. ప్రవేశాల్లో సుమారు 30 శాతం. హార్వర్డ్‌లో సీటు పొందిన శ్వేతజాతి విద్యార్థుల్లో 43 శాతం మంది ఈ నాలుగు తలుపుల్లో ఏదో ఒకదాని గుండా వచ్చినవారే. రెండు వేల సీట్లలో ఆరు వందలంటే మాటలు కాదు. ఆ తలుపు దగ్గర గొంతు చించుకున్నవాళ్లు తక్కువ.

రిజర్వేషన్ అనగానే కంటికి ఎదురుగా కనిపించేదే కారణంగా తోచడం మానవ సహజం. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో వికలాంగులకు కేటాయించిన సీటు ఒకటి ఖాళీగా ఉందనుకుందాం. నిలబడ్డ నలభై మందిలో ప్రతి ఒక్కరికీ ‘ఆ రాత లేకపోతే నేను కూర్చునేవాడిని’ అనిపిస్తుంది. నిజానికి ఆ రాత చెరిపేసినా కూర్చునేది ఒక్కరే. ముప్పై తొమ్మిది మంది నిలబడే ఉంటారు. హార్వర్డ్ లెక్క కూడా అంతే. నల్లజాతి విద్యార్థుల వాటా 14 శాతం అనుకుంటే, రెండు వేలల్లో 280 సీట్లు. అవన్నీ, ఒక్కటి కూడా మిగల్చకుండా, తిరస్కరణ అందుకున్న 24 వేల మందికి సమానంగా పంచినా ఒక్కొక్కరి అవకాశం పెరిగేది నూటికి ఒకటి చొప్పున. మార్చి సాయంత్రం తెరమీద కనిపించిన వాక్యాలు నూటికి తొంభై తొమ్మిది ఇళ్లలో అవే ఉంటాయి.

అయినా ఆ అనుమానం బలపడటానికి అమెరికా చట్టం కూడా ఒక కారణం. మన దేశంలో ఫలానా వర్గానికి ఫలానా శాతం అని జీవోలో ఉంటుంది. మంచో చెడో, అది బహిరంగంగా రాసిన అంకె. దాన్ని పెంచాలనీ తగ్గించాలనీ వీధిలోకి వచ్చి అడగవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 1978లో అలన్ బాకీ అనే వ్యక్తి వేసిన కేసులో ఆ దారి మూసేసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వైద్య కళాశాల వందలో 16 సీట్లు విడిగా పెట్టడం చెల్లదంది. జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చని చెబుతూ, ఆదర్శంగా చూపించింది హార్వర్డ్ పద్ధతినే. ఆ రోజు నుంచి అంకె రాసి చెప్పడం నేరమైంది, మనసులో పెట్టుకోవడం సరైన పద్ధతైంది. ఎవరికి ఎంత మొగ్గు చూపారో చెప్పకూడని వ్యవస్థలో ప్రతి తిరస్కరణా అనుమానంగానే మిగులుతుంది. బానిసత్వం, విడి పాఠశాలలు, ఇళ్ల రుణాల నిరాకరణ చవిచూసిన నల్లజాతివారికి దారి చూపే ప్రయత్నం న్యాయమైనదే. అంత న్యాయమైన పనిని దొంగచాటుగా చేయవలసి రావడమే విషాదం.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు ఆ హార్వర్డ్ పద్ధతినే కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పుకు హార్వర్డ్ కేసులో 6–2, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం కేసులో 6–3 మెజారిటీ వచ్చింది. జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే పరిగణించవచ్చని ఒక కిటికీ మాత్రం తెరిచి ఉంచారు. ఆ కిటికీ చిన్నదైనా దాని ముందు వరుస పెద్దది. పదిహేడేళ్ల పిల్లలు తమ గాయాలను ఆరు వందల మాటల్లో అందంగా అమర్చుకోవలసిన పరిస్థితి వచ్చింది. గంటకు వందల డాలర్లు తీసుకునే సలహాదారులు అందుబాటులో ఉన్న ఇళ్లలో ఆ అమరిక ఇంకా బాగా కుదురుతుంది.

తీర్పు తర్వాత ఏమైంది? ఎంఐటీలో ఆసియన్ అమెరికన్ల వాటా 40 నుంచి 47 శాతానికి పెరిగింది, నల్లజాతివారి వాటా 13 నుంచి 5కు పడిపోయింది. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో నల్లజాతివారు 11 నుంచి 3 శాతానికి దిగారు. హార్వర్డ్‌లో మొదటి ఏడాది ఆసియా వాటా 37 దగ్గరే ఉంది. యేల్‌లో 30 నుంచి 24కు తగ్గింది. కోర్టు తీర్పు ఒక్కటే, ఫలితాలు నాలుగు దిక్కులా పోయాయి. ఏ కాలేజీ ఏ అంశానికి ఎంత బరువు ఇస్తుందో బయటివాళ్లకు ముందూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ 2024లో హార్వర్డ్‌కు దరఖాస్తు చేసినవారు 54 వేలు, ప్రవేశం పొందినవారు 1,937 మంది. జాతి గడి తీసేసినా నూటికి తొంభై ఆరుగురు బయటే నిలిచారు.

తెలుగు కుటుంబాలు ఇంకొక అదృష్టం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. దరఖాస్తు ఫారంలో ‘ఆసియన్’ అనే ఒక్క గడిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు దంపతుల పిల్లవాడూ, యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కంబోడియా కుటుంబం పిల్లవాడూ ఇద్దరూ ఉంటారు. అమెరికాలోని జాతి సమూహాల్లో భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం అగ్రస్థానంలో ఉంది. ఇది రక్తంలో వచ్చిన గొప్ప కాదు. డిగ్రీలున్నవాళ్లనే జల్లెడ పట్టి లోపలికి పంపే వీసా పద్ధతి అలాంటి కుటుంబాలను ఎంచింది. ఇంట్లో లెక్కలు చెప్పగల తండ్రి, మంచి స్కూలున్న పేటలో ఇల్లు, శనివారం కోచింగ్‌కు కారులో దించే తల్లి — ఇవన్నీ శాట్ మార్కులో కలిసిపోయి ప్రతిభగా కనిపిస్తాయి. ఆ పిల్లల కష్టం అబద్ధమని కాదు. కష్టపడే అవకాశం కూడా పుట్టిన ఇంటిని బట్టి దొరుకుతుందని మాత్రమే. అర్థశాస్త్రవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో ప్రచురించిన పరిశోధన ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఐవీ లీగ్‌తో (హార్వర్డ్, యేల్ సహా ఎనిమిది పాత విశ్వవిద్యాలయాలతో) పాటు మరో నాలుగు పేరున్న సంస్థల్లో, ఒకే శాట్ మార్కులున్నా, మధ్యతరగతి పిల్లల కంటే ఆదాయంలో పై ఒక శాతం కుటుంబాల పిల్లలు చేరే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువ. అమెరికాలో తెలుగువారు ఎక్కువగా ఉన్నది ఈ రెండింటిలో ఏ వైపో ప్రతి ఇల్లూ తానే చూసుకోవచ్చు.

అదే పరిశోధనలో అదృష్టానికి బలమైన సాక్ష్యం కూడా ఉంది. ఈ కాలేజీల్లో చదవడం వల్ల జీవితం నిజంగా మారుతుందా అని తేల్చడానికి వాళ్లు వెయిటింగ్ లిస్టును వాడుకున్నారు. ఆ జాబితా నుంచి లోపలికి పిలుపు అందినవాళ్లను, అందనివాళ్లను పోల్చారు. ఒక కాలేజీ వెయిటింగ్ లిస్టులో ఎంపిక కావడానికీ అదే స్థాయి వేరే కాలేజీలో ఎంపిక కావడానికీ సంబంధం కనిపించలేదు. అంటే పిలుపు అందినవారిలో అందనివారి కంటే కొట్టొచ్చే గొప్పతనమేదీ లేదు. అర్థశాస్త్రవేత్తలు దాన్ని దాదాపు చీటీ తీసినట్టుగానే లెక్కలోకి తీసుకోగలిగారు. ఫలితం కూడా పట్టించుకోదగ్గది. సగటు జీతంలో పెద్ద తేడా లేదు. కానీ దేశంలో పై ఒక శాతం ఆదాయానికి చేరే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లయింది. అంత విలువైనది చీటీ మీద ఆధారపడుతున్నప్పుడు, ఆ సంగతిని దాచిపెట్టడం గెలిచినవారికీ ఓడినవారికీ కీడే. గెలిచినవారు తామే అర్హులమని నమ్ముతారు. ఓడినవారు తమలో లోపం వెతుక్కుంటారు, లేదా పక్కింటి నల్లజాతి పిల్లవాడి మీద వేలు చూపిస్తారు.

అందుకే కొందరు విద్యావేత్తలు చాలాకాలంగా ఒక సూచన చేస్తున్నారు. ఇక్కడ చదువు నెగ్గుకురాగలవాళ్లు ఎవరో ముందు తేల్చండి. బడి, ఊరు, ఇంటి పరిస్థితులను చూసి వెనకబడ్డవారికి ఇవ్వాల్సిన మొగ్గు బహిరంగంగా ఇవ్వండి. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే మొగ్గు ఎత్తేయండి. మిగిలినది చీటీలు తీసి తేల్చండి. మూడో మాట కొన్నిచోట్ల మొదలైంది. జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హర్స్ట్ ఆ మొగ్గు మానేశాయి. కాలిఫోర్నియా 2024లో ప్రైవేటు సంస్థలకు కూడా వర్తించేలా చట్టం చేసింది. చివరి మాట దగ్గరే అందరూ బెదురుతారు. పిల్లల భవిష్యత్తును చీటీలకు వదిలేస్తారా అంటారు.

నెదర్లాండ్స్ వదిలేసింది. 1970ల నుంచి దశాబ్దాల పాటు అక్కడ వైద్య విద్య సీట్లు లాటరీతో పంచారు. ఊరికే చీటీలు కావు. స్కూలు మార్కులు ఎక్కువ ఉన్నవారికి గెలిచే అవకాశం ఎక్కువగా ఉండేలా బరువులు కట్టారు. 1990ల్లో పదికి తొమ్మిదిన్నర దాటిన సగటు ఉన్న ఒక విద్యార్థినికి మూడుసార్లు చీటీ తగలకపోయేసరికి దేశమంతా గగ్గోలు పుట్టింది. దాంతో పదికి ఎనిమిది దాటినవారికి నేరుగా సీటిచ్చేలా నియమం మార్చారు. 2017లో లాటరీని పూర్తిగా ఎత్తేసి, వ్యాసాలు, ఇంటర్వ్యూలు, వ్యక్తిత్వ పరీక్షలు పెట్టారు. కొన్నేళ్లు తిరిగేసరికి, ఆ పరీక్షలకు కోచింగ్ కొనుక్కోగల ఇళ్ల పిల్లలకే అవి కలిసివస్తున్నాయన్న ఆందోళన మొదలైంది. ఇటీవలి సంవత్సరాల్లో చట్టం మార్చి, కావాలనుకున్న విశ్వవిద్యాలయాలు చీటీలు తీసుకోవచ్చని మళ్లీ అనుమతిచ్చారు. అలా సీటు రాని డచ్ విద్యార్థికి కారణం తెలుసు: చీటీ తగల్లేదు. వ్యక్తిత్వానికి ఎవరో తక్కువ మార్కు వేశారన్న అనుమానంతో ఆ రాత్రి పడుకోనక్కర్లేదు.